చలికాలంలో కోళ్ల గూడు: ఎంత గాలి ఆపాలి, ఎంత వదలాలి

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పది నాటుకోళ్లు రాత్రి తలదాచుకోవడానికి సరిపోయే గూడు ఇది. లోపల పట్టే గాలి 96 ఘనపుటడుగులు, అంటే దాదాపు 2.7 ఘనపు మీటర్లు. ఉత్తరం వైపు ఆరడుగుల పొడవున, మూడడుగుల ఎత్తున ఇనుప జాలీ ఉందనుకుందాం. దక్షిణం వైపూ అంతే. డిసెంబరు రాత్రి ఉత్తరపు జాలీ మీదికి సెకనుకు మూడు మీటర్ల వేగంతో గాలి వీస్తే, అడ్డంకులన్నీ పోను సగమే లోపలికి దూరిందని లెక్కేసినా, గూట్లో ఉన్న గాలి మొత్తం సెకనుకోసారి మారిపోతుంది. గంటకు 3,600 సార్లు.

ఇది చూసి భయపడిన మనిషి ఏం చేస్తాడు? పాత పట్టా ఒకటి తెచ్చి గూడు చుట్టూ చుట్టేసి, అంచులు మట్టిలో కప్పెట్టి, పైన రెండు రాళ్లు పెడతాడు. అప్పుడు గాలి మారడం గంటకు సున్నా. మన పల్లెల్లో చలికాలపు కోళ్ల గూళ్లు చాలావరకు ఈ రెండింట్లో ఏదో ఒక కొసన ఉంటాయి. కోడికి కావలసింది గంటకు రెండు మూడు సార్లు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే గూడు ఎలా కట్టాలో దాదాపుగా తెలిసిపోతుంది.

నీళ్ల దగ్గర మొదలుపెడదాం. నాటుకోడి రోజుకు 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. పది కోళ్లకు తక్కువలో తక్కువ లీటరున్నర. కోడికి వేరే మూత్రం లేదు. తాగిన నీళ్లలో గుడ్డులోకి పోయే కాస్త తప్ప మిగిలినదంతా రెట్టలోనో, ఊపిరిలోనో బయటికి రావలసిందే. అందులో సగం రాత్రి పన్నెండు గంటల్లో వస్తుందనుకుంటే ముప్పావు లీటరు. మూడో వంతు మాత్రమే ఆవిరైనా 250 గ్రాముల నీరు గూట్లోని గాలిలో కలుస్తుంది. పది డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగలిగిన తేమ 9.4 గ్రాములే. మన గూట్లో ఉన్నది 2.7 ఘనపు మీటర్లు కాబట్టి అది మోయగలిగింది పాతిక గ్రాములు. రావలసింది దానికి పదింతలు.

మిగతాదంతా ఎక్కడికి పోతుంది? పట్టా లోపలి వైపు చుక్కలు కట్టి, తెల్లవారుజామున కోళ్ల వీపుల మీద, కింద పరిచిన ఊక మీద కారుతుంది. నీరు వేడిని గాలి కంటే సుమారు 24 రెట్లు వేగంగా లాగేస్తుంది. చలి తగలకూడదని కప్పిన పట్టాయే కోడిని తడిపి చలికి అప్పగిస్తుందన్నమాట. బయటి నుంచి వచ్చే గాలి కూడా పొడిగా ఉండదు గనక, ఆ తేమను కూడా లెక్కలో వేసుకుంటే రాత్రంతా కలిపి గూట్లో గాలి కనీసం ఇరవై సార్లు మారాలి. వాసన సంగతి కూడా కలుపుకుంటే గంటకు రెండు మూడు సార్లు. అదీ లెక్క.

ఇంత గాలి వదిలితే వెచ్చదనం పోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. న్యాయమైన అనుమానమే. రాత్రి కునుకు తీస్తున్న ఒక కోడి ఒంటి నుంచి సుమారు 8 వాట్ల వేడి వస్తుంది. పది కోళ్లు కలిసి 80 వాట్లు, అంటే పాతకాలపు వంద వాట్ల బల్బుకు కొంచెం తక్కువ. గూట్లో బయటి కంటే అయిదు డిగ్రీల వెచ్చదనం నిలవాలనుకుంటే, గంటకు మూడు సార్లు గాలి మార్చడానికి ఆ వేడిలో అయిదో వంతు కూడా ఖర్చు కాదు. అదే గాలి సెకనుకోసారి మారితే 80 వాట్లు కాదు, ఎనిమిది వేల వాట్లు పెట్టినా గూడు అంత వెచ్చబడదు. తేమను బయటికి పంపే గాలి మనకు చవక. దూసుకొచ్చే గాలి మాత్రం భరించలేనంత ఖరీదు.

ఇక కోడి ఒంటి సంగతి. దాని వేడి 41 డిగ్రీలు, మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. బయట 5 డిగ్రీలుంటే తేడా 36. ఆ తేడాను మోసేది ఈకలు కాదు, ఈకల మధ్య చిక్కుకున్న కదలని గాలి. చలికి కోడి ఒళ్లు ఉబ్బించి బంతిలా కూర్చునేది ఆ గాలి పొరను మందం చేసుకోవడానికే. ముక్కును రెక్కలో దూర్చి, ఒంటికాలి మీద నిలబడి ఈకలు లేని చోట్లను దాచుకుంటుంది. గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటే ఈకలు ఒంటికి అణిగి ఉంటాయి. వెనక నుంచి వీస్తే విచ్చుకుంటాయి, పొర చెదిరిపోతుంది. గాలి గట్టిగా వీచే రాత్రి దండెం మీది కోళ్లన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటే, ఏ వైపు అడ్డం పెట్టాలో అవే చెబుతున్నట్టు.

అన్ని కోళ్లకూ ఒకే దుప్పటి లేదు. పందెం జాతి అసీల్‌ ఈకలు పొట్టిగా, గట్టిగా, ఒంటికి అతుక్కుని ఉంటాయి. కింద మెత్తటి నూగు తక్కువ, రొమ్ము ఎముక దగ్గర దాదాపు బోసిగా ఉంటుంది. జుట్టు చిన్నది కావడం వల్ల తలకు చలి తక్కువ తగులుతుంది గానీ, ఒంటికి మాత్రం మామూలు నాటుకోడి కంటే ఎక్కువ కాపు కావాలి. సంక్రాంతి దగ్గరపడే కొద్దీ గోదావరి జిల్లాల్లో పుంజుకు బాదం పప్పులు, వేన్నీళ్ల స్నానాలు అమరుతాయి. అదే జాతి పెట్టకు, దాని పిల్లలకు చిరిగిన గోనె సంచి దొరికితే గొప్ప. గుడ్లు పెట్టి, పొదిగి, జాతిని నిలబెట్టేది ఎవరో మరి!

చలిని తట్టుకోవడానికి కోడి చేసే మరో పని ఎక్కువ తినడం. చల్లదనం ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ మేత సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం పెరుగుతుంది. పది డిగ్రీలు పడిపోతే రోజుకు వంద గ్రాములు తినే కోడి 110 నుంచి 115 గ్రాములు తింటుంది. మేత పెంచకపోతే ఆ లోటును గుడ్లలోంచి తీసుకుంటుంది. గూట్లోకి తోలే ముందు సాయంత్రం ఇంకో గుప్పెడు జొన్నలో, మొక్కజొన్నలో వేస్తే సరి. గాలికి అడ్డం పెట్టడం కూడా ఆ మేత మిగుల్చుకోవడమే.

ఇప్పుడు మన చలి ఎలాంటిదో చూడాలి. ఎందుకంటే కోళ్ల గూళ్లకు చలి రక్షణ గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాల నుంచి వచ్చినవే. గాలితో కలిపి చలి ఎంత తగులుతుందో చెప్పే లెక్క ఒకటుంది. 2001లో కెనడా, అమెరికా వాతావరణ శాఖలు వాడుకలోకి తెచ్చాయి. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఆ లెక్క ప్రకారం అది మైనస్ 30తో సమానం. మన దగ్గర 5 డిగ్రీల్లో అదే గాలి వీస్తే 1 డిగ్రీతో సమానం. ఆ సూత్రం మనిషి ముఖానికి కట్టింది, కోడికి కాదు. అంకెను అలాగే పట్టుకోకూడదు. కానీ తేడా మాత్రం కళ్లకు కడుతుంది. అక్కడ కోడి జుట్టు గడ్డకట్టి నల్లబడి రాలిపోతుంది, మనకు ఆ బెడద లేదు. అక్కడివాళ్లు గోడలకు దట్టంగా పెట్టే పొరలు మనకు వేసవిలో మెడకు చుట్టుకుంటాయి.

ఇంకో సంగతి. మన అతి చల్లటి రాత్రులు సాధారణంగా గాలి లేని రాత్రులు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో చలి విపరీతంగా పడేది ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కదలని రాత్రుల్లోనే. గాలి వీస్తే పైన ఉన్న వెచ్చటి పొర కిందికి కలిసిపోతుంది గనక నేల దగ్గర అంత చల్లబడదు. అలాంటి గాలి లేని రాత్రి కోడి ఒంటి వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. దానికి గోడ కంటే కప్పు ముఖ్యం. పైన రెల్లుగడ్డి కప్పు ఉండి మూడు పక్కలా తడికలే ఉన్న గూడు, నాలుగు గోడలుండి పైన జాలీ ఉన్న గూటి కంటే ఆ రాత్రి మేలు. ఏజెన్సీలో అరకు, చింతపల్లి వైపు వాళ్లు ముందు కప్పు చూసుకోవాలి.

గాలి లెక్క ఎక్కువగా పనికొచ్చేది మైదానాల్లో. ఆదిలాబాద్ చుట్టుపక్కల జనవరిలో 10 డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా ఉన్నదే. పంట కోసిన చేలల్లో అడ్డం ఏమీ ఉండదు, తెల్లవారుజామున చలిగాలి ఊరి చివరి ఇళ్లకు సూటిగా తగులుతుంది. శీతాకాలంలో మనకు వీచేది ఈశాన్యపు గాలి, ఊరిని బట్టి కొంచెం ఉత్తరానికో తూర్పుకో ఒరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కు. కోళ్ల షెడ్డును తూర్పు పడమరలుగా పొడవు పెట్టి కట్టాలని మన పశువైద్యులు చెబుతారు, వేసవిలో ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ లోపలికి కొట్టకుండా. సరైన సలహాయే, మన కోళ్లను చలి కంటే ఎండే ఎక్కువ చంపుతుంది. కానీ అలా కడితే తెరిచి ఉన్న రెండు వైపుల్లో ఒకటి ఉత్తరం. మే నెలలో ప్రాణం పోసిన కిటికీయే డిసెంబరులో ఈదురుగాలికి తలుపు తీసి పెడుతుంది. అందుకని గూటి దిక్కు మార్చనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరం వైపు పరదా కడితే చాలు.

పరదా ఎలా కట్టాలన్నదే అసలు విషయం. చాలామంది పై నుంచి కిందికి వేలాడదీస్తారు, గాలి వచ్చినప్పుడల్లా కింది అంచు ఎగిరి నేల మీది కోళ్లకు విసనకర్ర అవుతుంది. కింది నుంచి పైకి కట్టాలి. నాలుగడుగుల గూట్లో నేల నుంచి మూడున్నర అడుగులు మూసి, కప్పు కింద అరడుగు సందు వదలాలి. దక్షిణం వైపూ పైన అలాంటి సందే ఉండాలి. దండెం అడుగున్నర ఎత్తులో ఉంటే దాని మీద కూర్చున్న కోడి తల మూడడుగుల లోపే ఉంటుంది. గాలి దాని నెత్తి మీదుగా వచ్చి, పైకి లేచిన తేమను ఎత్తుకుపోతుంది. దండెం మీద ఒక్కో కోడికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చోటు చాలు. చలికాలంలో అవి ఎలాగూ ఒకదానికొకటి ఒత్తుకునే కూర్చుంటాయి. గుండ్రటి సన్న కర్ర కన్నా రెండంగుళాల వెడల్పున్న బద్ద మంచిది, కోడి కూర్చున్నప్పుడు వేళ్లు పూర్తిగా పొట్ట కింద దాగుతాయి.

సందు సరిపోయిందో లేదో చూడటానికి అగరుబత్తి చాలు. చీకటి పడ్డాక దండెం ఎత్తులో వెలిగించి పట్టుకోండి. పొగ నిటారుగా లేచి, పైన సందు దగ్గరికి వెళ్లి వంగితే గూడు బాగున్నట్టు. దండెం దగ్గరే అడ్డంగా పరుచుకుంటే అక్కడ గాలి గంటకు కిలోమీటరు దాటి కదులుతోంది, ఎక్కడో కన్నం ఉంది. ఎటూ పోకుండా లోపలే తిరుగుతూ ఉంటే పరదా మరీ బిగించారు. తెల్లవారి ఇంకో పరీక్ష, ఇది మన ముక్కుతో. అమ్మోనియా పది లక్షల వంతుల గాలిలో 25 వంతులు మించకూడదని కోళ్ల పెంపకంలో హద్దు పెట్టుకున్నారు. మనిషి ముక్కుకు ఆ ఘాటు స్పష్టంగా తెలిసేది కూడా ఇంచుమించు అక్కడే. అంటే తలుపు తీయగానే ముక్కు మండిందంటే కోడి రాత్రంతా హద్దు దాటిన గాలే పీల్చిందన్నమాట. దాని గొంతులో దుమ్మును, క్రిములను బయటికి నెట్టే సన్నటి నూగు ఈ ఘాటుకు దెబ్బతింటుంది. చలికాలంలో గురక, ముక్కు కారడం కనిపిస్తే గాలి తగిలి పడిశం పట్టిందని ఇంకో పట్టా తెచ్చి కప్పేవాళ్లున్నారు. చాలాసార్లు అక్కడ కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. జబ్బు ఒకటి రెండు కోళ్లకు కాక గూడంతా పాకితే మాత్రం కొక్కెర తెగులు కావచ్చు, పశువైద్యుణ్ణి పిలవాల్సిందే.

కింద పరిచే ఊక మూడు నాలుగంగుళాలు ఉండాలి. గుప్పిట పట్టి నొక్కితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. వేరుశనగ పొట్టు కూడా పనికొస్తుంది.

గూడు సరే, పగలు కోళ్లు తిరిగే పెరడు? అక్కడ గోడ కట్టాలన్న ఆలోచన మంచిది కాదు. గట్టి గోడకు తగిలిన గాలి పైకెక్కి, గోడ దాటాక సుడి తిరుగుతూ మళ్లీ నేలకు దిగుతుంది. సగం గాలిని ఆపి సగం వదిలే అడ్డం ఇంకా దూరం కాపు కాస్తుంది. అలాంటి అడ్డం దాని ఎత్తుకు పదింతల దూరం వరకు బాగా పనిచేస్తుంది. అయిదడుగుల దడి వేస్తే యాభై అడుగుల పెరడు కాపులో ఉన్నట్టే, దడి పొడవు కూడా తగినంత ఉంటే. కురచ దడి కొసల చుట్టూ గాలి తిరిగి వచ్చేస్తుంది. ఎత్తుకు పదింతలు పొడవుంటే నిశ్చింత. మన తాటాకు తడిక, కంది కట్టె దడి ఈ సగం సగం లెక్కకు చక్కగా సరిపోతాయి. షాపులో కొనేట్టయితే 50 శాతం రకం షేడ్ నెట్ అడగండి, 90 శాతం రకం ఇంచుమించు గోడే. ఆదిలాబాద్ వైపు పత్తి కట్టె కుప్పలుగా దొరుకుతుంది, దడికి బాగుంటుంది కూడా. కానీ దానికి మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే ఏడు చేను మీద పడుతుంది. కోళ్లను కాపాడబోయి పత్తిని పోగొట్టుకోవడం ఎందుకు, కందికట్టే వాడండి.

వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం నేల నుంచి పది మీటర్ల ఎత్తులో కొలిచింది. బయలు నేలలో కోడి ఎత్తుకు వచ్చేసరికి అది దాదాపు సగమవుతుంది. సూచనలో గంటకు 20 కిలోమీటర్లు అన్నారంటే కోడికి తగిలేది దాదాపు 11 కిలోమీటర్లు, మొదట్లో చెప్పిన సెకనుకు మూడు మీటర్లు అదే. సూచన వినకపోయినా పర్లేదు. ఆకులు గలగలమంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. దుమ్ము, చిత్తుకాగితాలు లేస్తుంటే 20 నుంచి 28.

ఈ వేగాలతో పరదాకు ఎంత బలం తగులుతుందో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు పట్టా తీసుకుందాం. దాని మీదికి నేరుగా 20 కిలోమీటర్ల గాలి కొడితే 11 కిలోల బరువు నెట్టినట్టు. 40 కిలోమీటర్లయితే 22 కాదు, 45 కిలోలు. 60 అయితే వంద కిలోలు. వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. అందుకే మూలల్లో నాలుగు పురికొసలతో కట్టిన పట్టా చిన్న గాలికి బాగానే ఉండి, ఒక్క పెద్ద విసురుకు గూటి కొయ్యతో సహా లేచిపోతుంది. అడుగుకో ముడి వేసి, లోపల వెదురు బద్ద పెట్టి బిగిస్తే బరువు అన్ని ముళ్లకూ పంచుకుంటుంది.

కోస్తాలో దీనికి మించిన సంగతి తుపాను. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం గాలులు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. ఆ లెక్కన మన పట్టా మీద 230 కిలోల పైమాట. అలాంటి సూచన వచ్చిన రోజు పరదాలు విప్పేయండి, కట్టి ఉంచితే గూటిని కూడా లాక్కుపోతాయి. కోళ్లను గంపల కింద కప్పి వసారాలోనో, వంటింటి మూలనో పెట్టుకోవడమే పని. 20 డిగ్రీల వానలో తడిసి గాలికి నిలబడిన కోడి, 8 డిగ్రీల చలిలో పొడిగా కూర్చున్న కోడి కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. తడిసిన ఈకల్లో గాలి పొర మిగలదు.

ఇక పిల్లల సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లలో దాదాపు 32 కోట్లు పెరటి కోళ్లు, అంతకు ముందు లెక్క కంటే 46 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో మెరుగుపరిచిన రకాల వంతు ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ అలాంటివే. వాటి పిల్లలు హేచరీ నుంచి అట్టపెట్టెల్లో వస్తాయి, వెంట తల్లి రాదు. నాటు పెట్ట అయితే డజను పిల్లలను పొట్ట కిందికి లాక్కుని కూర్చుంటుంది, గాలి సంగతి అదే చూసుకుంటుంది. తల్లి లేని పిల్లలకు ఆ పని మనం చేయాలి, చలిగాలికి మొదట ప్రాణం పోయేది వీటికే. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవచ్చు, అయిదారు వారాలకు ఈకలు నిండుతాయి. మొదటి రెండు వారాలు పిల్లల ఎత్తులో గాలి సెకనుకు 0.3 మీటరు, అంటే గంటకు కిలోమీటరు పై చిలుకు మించొద్దని బ్రాయిలర్ పెంపకం లెక్క. పెద్ద కోడి పట్టించుకోని గాలి పిల్లకు పెద్ద దెబ్బ. చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టనో, రేకునో గుండ్రంగా నిలబెడితే నేలబారు గాలి ఆగిపోతుంది. మూలలున్న పెట్టె వద్దు, చలేసినప్పుడు పిల్లలు మూలకు చేరి ఒకదాని కింద ఒకటి నలిగిపోతాయి.

బల్బు పిల్లకు రెండు వాట్ల చొప్పున, యాభై పిల్లలకు వంద వాట్లు. పాత రకం పీచు బల్బే కావాలి. ఎల్ఈడీ కరెంటు మిగులుస్తుంది, వెలుతురూ ఇస్తుంది, చాలినంత వేడి మాత్రం ఇవ్వదు. గడ్డి, ఊక దగ్గర బల్బు వేలాడదీస్తున్నాం కాబట్టి వైరుకు కాకుండా వేరే గొలుసుకు కట్టి, కింద కనీసం అడుగున్నర ఎడం ఉంచాలి. తర్వాత థర్మామీటరు కంటే పిల్లల్నే చూడండి. బల్బు కిందికి చేరి ఒకటే అరుస్తుంటే వేడి చాలడం లేదు. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైంది. బల్బును వదిలేసి అన్నీ ఒకే పక్కకు ఒరిగిపోయాయంటే ఎదుటి పక్క నుంచి గాలి వస్తోంది, బల్బు మార్చే ముందు అక్కడి కన్నం వెతకండి.